నాయన నాలుక, స్వప్నక్క మీటరు

హిందూపురం, మంగళవారం

నాయనా, ఈ పొద్దున హాస్టల్ బకెట్ అడుగున తెల్లటి ఉప్పు పొర చూసి నువ్వు గుర్తొచ్చావు. ఫోనులో చెప్పలేక కార్డు రాస్తున్నాను.

పెనుకొండ మామ ఇంజనీరింగ్ చదివితేనే ఉద్యోగం అంటున్నాడు. నాకు పర్యావరణ శాస్త్రం చదవాలని ఉంది. పక్క గది స్వప్నక్క అదే చదివి, ఇక్కడొక ఫ్యాక్టరీలో మీటరు పెట్టి నీళ్ళు పరీక్ష చేస్తోంది. ఉద్యోగాలు దొరుకుతాయా అని అడిగాను.

"తక్కువే పాపా. ఇంజనీర్లనైతే యాడైనా పిలుస్తారు. మమ్మల్ని ఫ్యాక్టరీకి ఒకరినే తీసుకుంటారు. ఆ ఒక్కరూ దొరక్క మా దాంట్లో ఏడాది ఖాళీగా ఉన్నింది" అంది.

పట్టుకు రంగు వేసే ముందు ఉప్పు ఎంతుందో తెలియడానికి నువ్వు నీళ్ళు నాలుక మీద వేసుకొని చూస్తావని చెప్పాను. "మీ నాయన నాలుకే మీటరా?" అని నవ్వింది.

కాలేజీ సీటుకు ఆప్షన్ పెట్టడానికి ఇంకా పది రోజులుంది. నువ్వు వద్దంటే ఇంజనీరింగే పెడతాను. కానీ ఆ మాట నువ్వే చెప్పు, మామ చేత చెప్పించవద్దు.

అవ్వ మోకాలి నొప్పి తగ్గిందా? నా కెమిస్ట్రీ నోట్సు పంపించు. ఇకమీదట తాగడానికి క్యాన్ నీళ్ళే తెప్పించండి. అమ్మకు, అవ్వకు నమస్కారాలు.

నీ భార్గవి

పోయినసారి ధర్మవరం వచ్చినప్పుడు మన బోరు నీళ్ళు ఒక సీసాలో తెచ్చాను. స్వప్నక్క పరీక్ష చేసి, తాగవద్దంది.