అమ్మ చేతిరాతలో హోటల్ పాటలు

ముంబై

అమ్మకు,

నీ కాళ్లకు మొక్కి రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? బాపు మందులు వేళకు వేసుకుంటున్నాడా? ఫోన్ చేస్తే నా పేరు చూసి కట్ చేస్తున్నావు గనుక ఉత్తరం రాయక తప్పలేదు. చింపేయకు. సగం దాకా చదివితే ఎట్లాగూ చింపలేవు.

ఇక్కడ వానలు ఆగడం లేదు. ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరవు. జొన్నరొట్టె తిని నాలుగు నెలలైంది. గదిలో నాతో ఇంకో ఇద్దరు అమ్మాయిలున్నారు, భయం లేదు. సాయంత్రం రెండు గంటలు పాడతాను. ఒక గజల్, ఒక మరాఠీ లావణి పాట, రెండు ఇంగ్లిష్ పాటలు, ఎవరైనా అడిగితే మన తెలుగు పాట. మన నారాయణపేట చీర కట్టుకునే పాడతాను. తాగినవాళ్లను వేదిక దగ్గరికి రానివ్వరు. బాగానే ఉన్నాను, నిజంగా.

మొన్నటి దాకా ఇంతే రాద్దామనుకున్నాను.

మా హోటల్లో పియానో వాయించే తాత ఉన్నాడు. జబ్బు చేసి చాలా నెలలు రాలేదు, మొన్ననే పనిలోకి వచ్చాడు. ఏ ఊరని అడిగాడు. నారాయణపేట అన్నాను. లేచి వెళ్లి, అట్ట ఊడిన లావుపాటి నోటు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీ ఊరావిడదే, రీటా అనే పేరుతో పాడేది" అన్నాడు హిందీలో. తెరిచాను. హిందీ, మరాఠీ, కొంకణి, ఇంగ్లిష్ పాటలు, అన్నీ తెలుగు అక్షరాల్లో! మన వంటింట్లో పసుపు డబ్బా మీద, జీలకర్ర డబ్బా మీద ఉన్న చేతిరాత అది. అక్కడే మెట్ల మీద కూర్చుని పేజీలన్నీ తిప్పానమ్మా.

నువ్వా? బొంబాయిలో కుట్టుమిషన్ల కార్ఖానాలో పనిచేశానని కదా చెప్పావు! గుండీలు కుట్టీ కుట్టీ వేళ్లు వాచేవని కూడా చెప్పావే!

తాత చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. మొదట భజనల్లో వంత పాడేదానివట. తర్వాత ఖవ్వాలీ బృందం. అక్కడి నుంచి ఈ హోటల్ క్యాబరేకు! క్యాబరే అన్న మాట వింటేనే మన వీధిలో తలుపులు వేసుకుంటారు. ఏడేళ్లు పాడావట, ఏ రకం పాట అడిగినా రాదనలేదట. ఆయనకు తెలుగులో వచ్చింది రెండే మాటలు, "జర ఆగు". డ్రమ్ములాయన తొందరపడితే నువ్వు అనేదానివట. కడుపు కనబడకుండా పియానో వెనక నిలబడి ఆరో నెల దాకా పాడావట. ఆ కడుపులో ఉన్నది నేనే కదమ్మా!

మరి నేను బయల్దేరిన రోజు ఏమన్నావు? "హోటళ్ల పాడెటిదాన్ని నా బిడ్డ అని చెప్పుకోనీకి నాకు సిగ్గయితది. పోతే మళ్ల రాకు" అన్నావు. రాయచూరు దాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. అంతకుముందు బస్టాండులో బాపు నా చేతిలో ఒక చీటీ పెట్టాడు. "గీ హోటల్‌కు పో బిడ్డా. గాడ మంచోళ్లుంటరు. మీ అమ్మకు చెప్పకు" అన్నాడు. ఎవరో వాచ్‌మన్ తెలిసి ఉంటాడనుకున్నాను. మీరిద్దరూ ఇద్దరే!

చాలా కోపం వచ్చింది. రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ సిగ్గు నీకెవరు నేర్పారో, ఎవరు ఏమన్నారో నాకు తెలియదు. నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు.

బాపుకు, అవ్వకు నా దండాలు. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం కారప్పొడి పంపించు.

నీ దీవెన అడిగే ముందు ఒకటి అడగాలి. నీ పుస్తకంలో ప్రతి పాటలో ఊపిరి తీసుకునే చోట ఎర్ర చుక్క పెట్టుకున్నావు. చివరి లావణికి మాత్రం చుక్కల్లేవు. వచ్చే నెల దాన్ని నేను పాడాలి. రెండో చరణంలో నాకు ఊపిరి చాలడం లేదు. తాతను అడిగితే తెలియదన్నాడు. ఈసారి ఫోన్ ఎత్తు. తిట్టాలనుంటే ముందు తిట్టు, వింటాను. తర్వాత, అక్కడ నువ్వు ఎక్కడ ఆగేదానివో పాడి చూపించు.

నీ కూతురు,
పద్మ