బాపు నాటకంలో నీ మాటలు

చిరంజీవి తమ్ముడు మల్లేశానికి అక్క ఎల్లమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ బిడ్డా ప్రాణాలతో బాగానే ఉన్నాము. పొద్దున లేస్తే నువ్వెట్లున్నావోనని ఒకటే ఫికరు. మందులు వేసుకుంటున్నావా? బావి దిక్కు ఒంటరిగా పోకు. కోడలా సుజాతా, ఈ ఉత్తరం మీ మామకు గట్టిగా, ఆగి ఆగి చదివి వినిపించు.

ఇబ్రహీంపట్నం వచ్చి మూడు నెలలైంది. బిడ్డ కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది, నేను కూరగాయలు తరుగుతాను. నీళ్లు ఉప్పగా ఉంటాయి. జొన్నరొట్టె మొహం చూడలేదు. నాదర్‌గుల్ దిక్కు నుంచి, నడపడం నేర్చుకునేవాళ్ల చిన్న విమానాలొచ్చి తిరుగుతుంటే, ఎక్కడ నెత్తిన పడతాయోనని కత్తిపీట వదిలి లోపలికి పోతాను. అందరూ నవ్వుతారు. మనసు విప్పి మాట్లాడే మనిషి లేదు.

మొన్న పిల్లలు హాలులో పాత ఇంగ్లీషు నాటకమొకటి నేర్చుకుంటున్నారు. చాయ్ ఇవ్వడానికి పోయి అక్కడే నిలబడ్డాను.

"ఏందవ్వా, నువ్వు గూడ వేషమేస్తవా?" అని ఒక పిల్ల ఎగతాళి చేసింది.

"ఏస్త. నీ లెక్క మాట మాటకు మర్సిపోను బిడ్డా," అన్నాను.

నాటకం నేర్పే సారు, అది మొదట ఎట్లా ఆడారో చెబుతున్నాడు. "అప్పట్ల మొత్తం పుస్తకం ఎవ్వరికియ్యకపోదురు. వేరేటోళ్లు ఎత్తుకపోతరని భయం. ఎవని మాటలు వానికే రాసిచ్చేటోళ్లు. ముందు మాట్లాడేటోని చివరి మాటలు రెండుమూడు, అంతే. అవి ఇనవడితె నువ్వు అందుకోవాలె."

చాయ్ కప్పులు అక్కడే బల్ల మీద పెట్టేశాను. మన బాపు కూడా పక్క ఊరి నాటకాల మేళానికి భయపడి ఎవరి కాగితం వాళ్లకే ఇచ్చేవాడు కదా! ఆ ఇంగ్లీషు నాటకం రాసినాయన పోయాక, ఏండ్లకు, ఆయనతో ఆడినవాళ్లే అంతా కూర్చి అచ్చు వేయించారట. ఉండబట్టలేక బాపు రాసిన నాటకం సంగతి చెప్పాను.

"పుస్తకమున్నదా అవ్వా?"

"లేదు సారూ. మా నాయినతోనే చితిల కాలింది. నేనే ఆయన రొమ్ము మీద పెట్టిన."

ఆ రోజు అందరూ మంచి పని చేశావన్నారు. ప్రాణంగా చూసుకున్నది, వెంటే పోనీ అనుకున్నాను. నాటకమంతా ఇంకెవరికీ రాదన్న సోయి లేకపోయింది.

"ఆడినోళ్లు ఎవలన్న ఉన్నరా?"

"అందరు వోయిన్రు. నేను, మా తమ్ముడు."

"ఇద్దరున్నరు గద. రాసిపెట్టున్రి."

సారుకేం తెలుసు? కిందటి వారం ఫోన్లో నువ్వు నన్ను "ఎవలమ్మా నువ్వు?" అన్నావు. ఆ పూట అన్నం ముట్టలేదు.

అయినా కూచుని, నేను వేసిన రాజు బిడ్డ మాటలన్నీ నోటుబుక్కులో రాశాను. నాలుగు పేజీలు కూడా కాలేదు. నువ్వు వేసిన మంత్రికి నడుమ నడుమ ఖాళీ వదిలాను. ఖాళీలే ఎక్కువ. ఎన్నిసార్లు పక్కన నిలబడి విన్నానో, నీ మాటలు చివరివి తప్ప ఒక్కటీ రావు. నా వంతు ఎక్కడ తప్పిపోతానోనన్న భయంతో, నీ చివరి మాటల కోసమే చెవి పెట్టేదాన్ని.

సుజాతా, కోపం చేయకు. పొద్దున చాయ్ తాగినంక మామకు మతి జర మంచిగుంటుందన్నావు. అప్పుడు కింద రాసింది చదువు. ఆయన ఏమన్నా అంటే, తప్పయినా సరే, రాసి పంపు. ఏమీ అనకపోతే, అనలేదనే రాయి. నాకూ ఆశ లేదు బిడ్డా. ఊరికే ఉండలేక అడుగుతున్నాను.

మా చిన్నమ్మ కాళ్లకు మొక్కానని చెప్పు, నా కోసం ఒక మాట దేవుణ్ణి అడగమను. పిల్లలకు దీవెనలు. ఎండలు మండుతున్నాయి, మామను బయట కూచోబెట్టకు.

మీ అక్క ఎల్లమ్మ

నా మాట ఇది: "మంత్రీ, కోట తలుపులు మూస్తున్నారు. ఇప్పుడేం చేద్దాం?"

ఇక్కడ నువ్వు లేవాలి తమ్ముడూ. "దీపం ఆర్పకమ్మా" అని నువ్వు ముగిస్తావు, అంతవరకే నాకు తెలుసు. దానికి ముందున్నది చెప్పు.