ఉత్తరపు గోడ నీడలో

గవ్రీలా బావకి,

పరస్కీవ నమస్కరించి రాసేది. మేమిద్దరం బాగున్నాం, అత్త మోకాళ్ల నొప్పులు తప్ప. రేవు పనిలో ఉన్న నీకు జ్వరం తగ్గిందని నీ ఉత్తరం చదివి వినిపిస్తే, అత్త ఆ మోకాళ్లతోనే కొండెక్కి చర్చిలో కొవ్వొత్తి వెలిగించి వచ్చింది.

ఆవు ఈనిందా అని అడిగావు. ఈనింది, పెయ్యదూడ. ఇంటి వెనక ఉత్తరపు గోడ పక్క జాగా ఎలాగూ వృథాయే, ఆకులు రాలే వేళకి వచ్చి అక్కడ కట్టెల కొట్టం కడతానని రాశావు.

అక్కడిప్పుడు మొక్క ఉంది బావా. మన వాగు ఒడ్డున చెట్ల నీడలో పెరుగుతుందే, బ్రుస్తాన్, అదే. కిందటేడు వసంతంలో దుంప తవ్వి తెచ్చి, కుళ్లిన ఆకులు కలిపిన మట్టిలో నాటాను. ఆ ఏడు నత్తలు ఆకుల్ని జల్లెడ చేశాయి. చుట్టూ పొయ్యి బూడిద చల్లి, రోజూ రెండు బిందెల నీళ్లు పోసి కాపాడాను. చలికి నేలమట్టంగా ఎండిపోయింది. పోయిందనుకున్నాను, కానీ మళ్లీ చిగురించింది. ఇప్పుడు చేటంత ఆకులు, నా భుజం దాకా కాడలు, నిండా పసుపుపచ్చ పూలు.

అత్త చూసి, "ఎండ తగలకుండానే ఇంత పెంచావు. నా కొడుకుని నీ చేతికింద ఉంచితే వాడూ కాస్త ఒళ్లు చేసేవాడు," అంది. నవ్వుతూనే తలగుడ్డతో కళ్లు తుడుచుకుంది.

బావా, నువ్వు వెళ్లిన చలికాలం నేను కడుపుతో ఉన్నాను. పని వదిలి వచ్చేస్తావని రాయలేదు. ఆరో నెలలో వాగు దగ్గర మంచు మీద జారిపడ్డాను. మూడో రోజున ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. జ్ఞానస్నానం కాని బిడ్డకి శ్మశానంలో చోటు లేదన్నారు. అత్తే ఆ గోడ పక్కన గొయ్యి తవ్వింది.

"వాడికి చెప్పకే. అంత దూరాన ఒక్కడే కూర్చుని ఏడుస్తాడు," అంది.

"మరి నేనో, అత్తా?"

"నీకు నేనున్నానుగా."

మొన్న ఈస్టరుకి నువ్వొచ్చినప్పుడు ఆ మూల ఇంకా మంచు కరగలేదు. నువ్వక్కడే నిలబడి గొడ్డలి నూరుకున్నావు. కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను.

ఇప్పుడు గునపం వేస్తానంటున్నావు కాబట్టి రాస్తున్నాను. తిడితే నన్ను తిట్టు, అత్తని ఏమీ అనకు.

పిల్లకి నీలాగే గడ్డం మీద చిన్న సొట్ట ఉంది. పేరు పెట్టలేదు. నువ్వు లేకుండా పెట్టబుద్ధి కాలేదు. ఈసారి ఉత్తరంలో ఇంకేమీ రాయకపోయినా ఒక పేరు రాసి పంపు. అత్తా నేనూ వెళ్లి దాన్ని ఒకసారి పిలుస్తాం.

ఇట్లు,
నీ భార్య
పరస్కీవ