పిన్ని అడిగిన రొయ్యల సూప్

అమ్మా, పిన్నికి జ్వరం తగ్గింది, కంగారు పడకు. కానీ నాలుగు రోజులుగా ఏమీ ముట్టడం లేదు. నిన్న ఎట్టకేలకు, "థాయ్ వాళ్ల పుల్లటి రొయ్యల సూప్ తాగాలనుందే" అంది. వంటల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. గలాంగల్ అంటే అల్లానికి దూరపు చుట్టమట. అది దొరకక అల్లమే వేశాను. నిమ్మగడ్డి మాత్రం దొరికింది. రొయ్యల పెంకులు ఉడికించి వడకట్టమని ఉంది. నువ్వు రొయ్యలు ఉడికిన మొదటి నీళ్లు పారబోస్తావు కదా, ఆ అలవాటుతో నీళ్లన్నీ సింకులో పోసేసి, పెంకులు పట్టుకుని నిలబడ్డాను. తీరా చూస్తే సూప్‌కి కావలసింది ఆ నీళ్లేనట! ఇక ఉత్త నీళ్లతోనే కాచి, కారం, నిమ్మరసం దట్టించి ఇచ్చాను.

పిన్ని గిన్నె ఖాళీ చేసి, "ఇంకొంచెం పొయ్యవే" అంది. బాగుందా అని అడిగితే, "జ్వరపు నాలుకకి రుచెక్కడిదే?" అంది. నిజంగా నచ్చిందో, నా మొహం చూసి తాగిందో అంతు పట్టడం లేదు. నీ చెల్లెలు చిన్నప్పుడు నచ్చనిది రెండోసారి అడిగేదా? తమ్ముడి కళ్లద్దాలు వచ్చాయా? నాన్నకు నమస్కారాలు, వాడికి ముద్దులు.

నీ పెద్దది

అంచున రాస్తున్నాను: పిన్ని ఇప్పుడే ఈ కార్డు చదివి, "ఉప్పు తక్కువైందని కూడా రాయి" అంది. రుచి తెలియని నాలుకకి ఉప్పెలా తెలిసిందమ్మా?