మీ నాయనకు టువ్వాల

పుల్లన్నా, మటన్ తెచ్చినాక కుక్కర్‌లో వేయి. ఉప్పు నేను వచ్చి చూస్తాను. వడల పిండి రుబ్బి మూతపెట్టాను. మీ నాయన పటం ముందు విస్తరి మాత్రం నేను వచ్చేదాకా వేయొద్దు.

పెద్దల పండగకు పంచె తెచ్చి టువ్వాల మరిచాను. పటం ముందు పంచె ఒక్కటే పెట్టడానికి మనసు రాలేదు. నీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అందుకని ఈ చీటీ రాసిపెట్టి, శివలీల పనిచేసే బట్టలంగడికే పోతున్నాను.

పండగనాడు కూడా కోడలికి సెలవు ఇవ్వలేదని నిన్న ఆ షావుకారును తిట్టింది నేనే. శివలీల నవ్వి, "కొనేటోళ్లు రాకుంటే ఆయప్ప అంగడి ఎందుకు తెరుస్తాడత్తా? రేపు సూడు, మనట్లాంటోళ్లే శానామంది వస్తారు" అనింది. ఇప్పుడు పోతున్నది నేనే. కొనకపోతే మీ నాయనకు లోటు. కొంటే వచ్చే ఏడు కూడా ఆ పిల్లకు సెలవు ఉండదు.

మీ నాయన పోయిననాడు నేను గుంటూరు దిక్కు మిరప కోతల్లో ఉన్నాను. మేస్త్రీ పంపలేదు. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇంట్లో ఒకరు లేకుండా విస్తరి వేయాలంటే నాకు అప్పటినుంచి చెయ్యి ఆడదు.

ఒక గంట పంపమని షావుకారును అడుగుతాను. పంపకపోతే అది ఇంటికి వచ్చినాకే పండగ. ఆకలైతే అరటిపండు తిను, అలగొద్దు.

శివలీల పొద్దున టీ కూడా తాగలేదు, టిఫిన్ డబ్బా తీసుకుపోతున్నాను. టువ్వాల దాని చేతే తీయించి తెస్తాను. షావుకారు పంపకున్నా, మీ నాయనకు కోడలి చేతి బట్ట అందుతుంది.