నాన్నకు నేను ఎంచిన కంప్యూటరు

అంకలేశ్వర్,
ఆదివారం.

నాన్నకు ఆశాజ్యోతి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, జయంత్, కీర్తన ముగ్గురం కులాసా. అక్కడ నువ్వూ కులాసాయే అనుకుని ముందుకు పోవడం మర్యాద. ఈసారి ఆ మర్యాద నావల్ల కాదు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కులాసాగా ఉన్న మనిషి రాసిన ఉత్తరం కాదది.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని జయంత్ నవ్వుతున్నాడు. నువ్వు ఫోను ఎత్తితే కదా మాట్లాడడానికి! మీట ఉన్నదేదీ ముట్టుకోనని భీష్మించుకు కూర్చున్నావు. సరే, నీ దారికే వస్తాను. అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. కోపం వచ్చినా చివరిదాకా చదువు.

కీర్తనకు జ్వరం తగ్గింది. తాతయ్య పెళ్ళికి కొన్న పట్టు పరికిణీ ఎప్పుడు కట్టుకోవాలని రోజూ అడుగుతోంది. ఏం చెప్పను? జయంత్ మళ్ళీ అచ్యుతాపురం ఫ్యాక్టరీకి వచ్చేస్తాడా అని అడిగావు. ఇప్పట్లో రాడు. ఇక్కడే ఇంకో రెండేళ్ళు ఉండమన్నారు. ఉప్పు చేపలు పంపమంటావా అన్నావు, వద్దు. క్రితంసారి పార్సిలు వాసనకి కింద వాటా వాళ్ళు మూడు రోజులు మాతో మాట్లాడలేదు.

“కంప్యూటరు సమీర్ కి తిరిగి ఇచ్చీసేను, నీకు కోపవేటి?” అని రాశావు. కోపమే. నీకోసం దాన్ని ఎంచడానికి మండుటెండలో కూర్మన్నపాలెం నుంచి పాత ఊరిదాకా స్కూటరు మీద నీ వెనకాల కూర్చుని వచ్చాను. మర్చిపోయావా? మర్చిపోలేదు. నువ్వు ఏదీ మర్చిపోలేదు, ఆ సంగతికే వస్తున్నాను.

సమీర్ కంప్యూటర్ల కొట్లో నువ్వు పెట్టిన షరతులు నాకింకా చెవిలో ఉన్నాయి. లాప్‌టాప్ చూపిస్తే మొహం అటు తిప్పేశావు. “ఒళ్ళో ఎట్టుకుని ఆడించీది నాకొద్దు బాబూ. బల్ల మీద కదలకుండా నిలబడాల. కీ నొక్కితే నొక్కినట్టు వేలికి తెలవాల,” అన్నావు. ముప్పై ఏళ్ళు స్టీలు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ కంట్రోల్ రూములో పానెల్ ముందు కూర్చున్నవాడివి, ఇంకోలా ఎలా అడుగుతావు? ఇరవై నాలుగు అంగుళాల తెర, తెలుగు అక్షరాలు అంటించిన కీబోర్డు, తోకతో ఉన్న మౌసు. అన్నీ నువ్వు చెప్పినట్టే కట్టాడు.

విండోసా, లైనక్సా అన్న దగ్గర మాత్రం గంట కూర్చున్నాం. సమీర్ ఉన్నదున్నట్టు చెప్పాడు. “బాబాయ్, విండోస్ అయితే పక్కింటోడిని అడిగినా సెప్తాడు. లైనక్స్ అయితే వైరస్ గొడవ తక్కువ, పాత మెషినైనా నడుస్తాది. కానీ ఏదైనా తేడా వస్తే సెప్పీవోడు మీ పేటలో దొరకడు.” నువ్వు ఒక్కటే అడిగావు. “అప్‌డేట్ అనీసి మద్దిలో దానంతటది ఆగిపోద్దేటి?” లైనక్స్ అయితే మనం చెప్పినప్పుడే అని అతను అనగానే, “అయితే అదే ఎట్టీ. కొలిమి నడస్తుండగా ఆగిపోయీ మిషన్ నాకెందుకు?” అన్నావు.

నేనూ అదే అన్నాను. కానీ నా కారణం వేరు. చెప్పేవాడు దొరకడన్న మాట నాకు తెగ నచ్చింది. నా ఉద్యోగం అదే కదా, ఇంట్లో కూర్చుని ఎవరెవరివో కంప్యూటర్లు దూరం నుంచే సరిచేయడం. నీకు తేడా వస్తే పక్కనున్న దొరోబాబు మావయ్య కాదు, కొట్టువాళ్ళు కాదు, నేనొక్కదాన్నే దొరకాలి. అప్పుడు అది ప్రేమే అనుకున్నాను.

ఇక్కడి నుంచి నీ తెర చూసి సాయం చేయడానికి ఒక ప్రోగ్రాం పెట్టించాను, గుర్తుందా? నేను వచ్చేముందు ‘రానివ్వమంటారా’ అని అడిగే చిన్న పెట్టె తెర మీదకి వస్తుంది. నాన్న కంగారు పడతాడు, అది తీసెయ్యమన్నాను. సమీర్ ఒప్పుకోలేదు. “ఉంచండక్కా, పెద్దాయన ఇల్లు, తలుపు కొట్టి రావాల కదా,” అన్నాడు. నువ్వు స్కూటరు తీయడానికి బయటికి వెళ్ళినప్పుడు నేనే తీసేశాను.

తర్వాత నువ్వు ఎంత హుషారుగా ఉన్నావో! మూడు నెలల్లో తెలుగు టైపు పట్టేశావు. నెట్లో మిద్దె తోటల గుంపులో చేరి, కాకర విత్తనాలు అడుగుతూ తగరపువలస తెలుగు టీచరు కనకరత్నం గారితో కంప్యూటర్లోనే ఉత్తరాలు మొదలెట్టావు. విత్తనాల నుంచి కబుర్లు, కబుర్ల నుంచి దసరా వెళ్ళిన మర్నాడు నాకు నీ ఫోను. “అమ్మా, నాను ఆవిడ్ని రిజిస్టర్ పెళ్ళి సేసుకుందావనుకుంతన్నాను. నీకేటైనా కష్టంగా ఉంతే సెప్పీ, మానీస్తాను.” నాకేం కష్టం నాన్నా, చాలా సంతోషం అన్నాను. ఆ మాట పచ్చి అబద్ధం.

ఆ తర్వాత జరిగినవన్నీ నీ ఉత్తరంలో నువ్వే రాశావు. మౌసు ముట్టకుండానే బాణం గుర్తు పరిగెత్తడం. రాసిన వాక్యం చూస్తుండగా మాయమవడం. శనివారం వస్తానని రాశావనుకుని శనివారం వెళితే బస్టాండులో ఎవరూ లేకపోవడం, ఇంటికొచ్చి చూస్తే నీ ఉత్తరంలోనే ఆదివారం అని ఉండడం. చివరికి కనకరత్నం గారికి పంపిన ఉత్తరంలో మొదటి మాటే ‘అప్పలనర్సమ్మా’ అని చనిపోయిన అమ్మ పేరు. 

వేరే ఎవరైనా అయితే మిషన్ని తిట్టేవారు. నువ్వు తిట్టవు. మీ కంట్రోల్ రూము అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తప్పు మీట రెండుసార్లు నొక్కిన ఆపరేటరు ఎవరూ చెప్పకముందే లేచి, “నా సెయ్యి బాలేదు” అని ఇంచార్జికి చెప్పి, లాగ్ బుక్కులో తన చేత్తోనే రాసి, కుర్చీ ఇంకొకడికి అప్పగించాలి. దాచిపెట్టి కూర్చున్నవాడు పదిమందిని చంపుతాడు అనేవాడివి. ఇప్పుడు ఇంట్లోనూ అదే చేశావు. కంప్యూటరు సమీర్ కి. స్కూటరు తాళం, గ్యాసు రెగ్యులేటరు దొరోబాబు మావయ్యకి. రెండు పూటలా మెస్సు కూడు. కనకరత్నం గారికి నమస్కారం పెట్టి పెళ్ళి వద్దన్నావు. డాక్టరు ఇప్పుడే ఏమీ తేల్చలేనన్నా వినకుండా మతిమరుపు మాత్రలు రాయించుకున్నావు. అవి వేసుకుంటే తల తిరుగుతోందని, గోడ పట్టుకుని నడుస్తున్నావని మావయ్య చెప్పాడు.

ఉత్తరం చివర నువ్వు అడిగిన ప్రశ్న ఇది. “నాను ఇంకా ఏటేటి తప్పులు సేసానో నీకు తెలిసుంతాది. నాను బాధపడతానని దాచకు. బుక్కులో ఎక్కించుకోవాల.”

రాసుకో నాన్నా. బాణాన్ని పరిగెత్తించింది నేను. నవంబరులో నాలుగుసార్లు, డిసెంబరులో లెక్కలేదు. నువ్వు ఒక్క క్షణం టైపు ఆపినప్పుడల్లా వాక్యాలు చెరిపింది నేను. నువ్వు శనివారం అనే రాశావు, ‘పంపు’ అన్న మీట నొక్కేలోపు ఆదివారం చేసింది నేను. నువ్వు ఆవిడ పేరే రాశావు. తెర మీద టైపు ఆగింది, టీ పెట్టుకోవడానికి లేచుంటావు, ఆ ఖాళీలో అమ్మ పేరు కొట్టి పంపింది నేను. నువ్వు తిరిగొచ్చి అది చదువుకున్నప్పుడు తెర మీద బాణం కదలకుండా ఎంతసేపు ఆగిపోయిందో కూడా ఇక్కడి నుంచి చూస్తూనే ఉన్నాను. నా చేతిలో కాఫీ ఉంది. తాగాను.

ఎందుకు చేశానంటే ఆస్తి కోసం మాత్రం కాదు, ఆ నింద వేయకు. నువ్వు ఆవిడకి రోజూ మధ్యాహ్నం ఒకటింటికి ఒక మాట రాసేవాడివి. “భోంచేసారా?” అని. అంతే. ఆ ఒక్క ముక్క చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ ముప్పై ఏళ్ళు నువ్వు షిఫ్టు నుంచి వచ్చేదాకా కాచుక్కూర్చుని, నువ్వు తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినేది. ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు ఆ మాట అమ్మని అడిగావా? అమ్మకోసం నేర్చుకోని ప్రేమ ఎవరికోసమో అరవై నాలుగేళ్ళకి అక్షరం అక్షరం వెతుక్కుని టైపు చేస్తుంటే చూసి ఓర్వలేకపోయాను. ఒకటి రెండుసార్లు చికాకు పెట్టి ఆపేద్దామనుకున్నాను. నువ్వు భయపడుతుంటే ఆపాలనిపించలేదు. ఛీ అనుకో, నేనూ అనుకున్నాను. అయినా మర్నాడు మళ్ళీ కూర్చున్నాను.

నీ ఉత్తరం వచ్చాక భయం వేసి మొన్న కనకరత్నం గారికి ఫోను చేసి అంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. “ముప్పై ఏళ్ళు పిల్లల పేపర్లు దిద్దేనమ్మా. ఏ మాట ఎవుడిదో నాకు తెలవదేటి? మీ నాన్నగారు నన్ను గారూ అనకుండా ఒక్కసారీ పిలవలేదు. ఎవరో సెయ్యి పెడతన్నారని అప్పుడే అనుకున్నాను,” అంది.

మరి నాన్నకి చెప్పలేదేమని గట్టిగా అడిగాను. నేను అడగడం చూడు, ఎంత సిగ్గులేనిదాన్నో!

“సెప్పేను. ఇంటికెల్లి మరీ సెప్పేను, మీ అమ్మాయిని ఓసారి అడగండీ అని. ఆయన లేచి నిలబడిపోయారు. ‘నాకు మతి పోతంది గానీ నా కూతురికి బుద్ధి పోలేదండీ’ అన్నారు. గేటుదాకా వచ్చి దిగబెట్టీసి, మరి రావొద్దన్నారు.” మళ్ళీ ఆవిడే అంది. “ఆయన వచ్చి పిలిస్తే ఇప్పటికీ వస్తాను. నాను మాత్రం ఆ గేటు మళ్ళీ తియ్యను.”

ఆవిడ ఇంటికొచ్చి చెప్పిన సంగతి నువ్వు నాకు రాయలేదు. చెయ్యి బాలేదని మానుకున్నానని మాత్రమే రాశావు. ఫోను పెట్టేశాక బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఏడుస్తూ కూడా, ఆవిడ మాట కాదని నన్నే వెనకేసుకొచ్చాడని లోపల ఒక సంతోషం. అంత దుర్మార్గురాలిని పెంచావు.

ఎదురుగా వచ్చి చెప్పొచ్చు. ధైర్యం లేదు. అందుకే రాస్తున్నాను. నీ చెయ్యి బాగుంది, మతి బాగుంది. ఆ మాత్రలు ఇవాళే పారెయ్. ఇది నేను నిన్ను ఓదార్చడానికి అల్లిన కథ కాదు. నమ్మకపోతే సమీర్ ని పిలిచి అడుగు, నేను ఏ రోజు ఏ టైముకి లోపలికి వచ్చానో ఆ కంప్యూటర్లో అంతా ఉంటుంది, తీసి చూపిస్తాడు.

ఇది నమ్మితే నీ మతి నీకు దక్కుతుంది, ఆవిడ దక్కుతుంది. కూతురు దక్కదు. నమ్మకపోతే నేను మంచిదాన్నే, నువ్వే పిచ్చివాడివి. నీ సంగతి నాకు తెలుసు నాన్నా. సమీర్ ని నువ్వు పిలవవు. ఈ ఉత్తరం మడిచి దిండు కింద పెట్టుకుని, మాత్ర వేసుకుని పడుకుంటావు.

ఇట్లు,
నీ కూతురు
ఆశాజ్యోతి