క్వినోవాకు చెంచా

పద్మారావు నగర్,
సోమవారం.

వదినగారికి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీ తమ్ముడు వింటారని ఉత్తరం రాస్తున్నాను. షుగర్ పెరిగిందని డాక్టరు ఆయనకు అన్నం మాన్పించాక, మూడు నెలలుగా ఇంట్లో బియ్యానికి బదులు క్వినోవా గింజలే వండుతున్నాను. ఉప్మా, పులిహోర, దద్దోజనం అన్నీ దాంతోనే. ముద్ద కట్టదు కాబట్టి ఇద్దరం చెంచాతో తింటున్నాం. ఆయన పల్లెత్తు మాట అనలేదు. షుగర్ మాత్రం దిగలేదు.

మీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో చూడాలని ఆయన రోజూ అల్వాల్ వస్తున్నారు కదా. నిన్న ఇంటికొచ్చాక కుడిచేతికి గోంగూర వాసన వచ్చింది. దయచేసి ఆయనకు ఇక అన్నం పెట్టకండి.

గురువారం ఆయన రక్తపరీక్షకు వెళ్తారు. ఆ పూట మీ మోకాళ్లు చూడటానికి నేను వస్తాను. గోంగూర కాస్త ఉంచండి. చెంచా అక్కర్లేదు.

మీ మరదలు